వదిన ట్రాక్టరూ, నేను దిగిన బురదా

ఇంటికి ఒకే బండి, ఆ బండికి ఒకే తాళంచెవి ఉన్న కాలంలో, అది ఎవరి కొంగున ఉంటే ఇంటి పెత్తనం వాళ్ళదే అని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇప్పుడు విరుదునగర్‌లో మా ఇంటి గోడకు స్కూటర్లవీ కారువీ బీరువాలవీ కలిసి ఒక గుత్తి వేలాడుతోంది. ఏది దేనిదో నాకే సరిగా తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. కానీ ఇరవై రెండేళ్ళ వయసులో ఒకే ఒక్క తాళంచెవి మీద నేను పడ్డ కడుపుమంటకు ఆ గుత్తిలోని ఇనుమంతా కరిగిపోయి ఉండేది. అసూయ చెడ్డగుణమని పుస్తకాలు రాసేవాళ్ళు చెబుతారు. చెప్పనివ్వండి. వాళ్ళకు మా వదినలాంటి వదిన ఉండి ఉండదు.

మాది కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఊరు. ఎటు చూసినా నల్లరేగడి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. (తెలుగు అక్షరాలు మాకెవరూ నేర్పలేదు. విరుదునగర్‌లో కాలేజీ చదువుతుండగా హాస్టల్ గదిలో ఒక రైల్వే ఉద్యోగి కూతురు ఉండేది, చిత్తూరు వైపు పిల్ల. నేను నోరు తెరిచినప్పుడల్లా నవ్వి, "మీరు మాట్లాడేది తెలుగేనా?" అనేది. ఆమెతో వాదించి గెలవడానికే మూడు నెలల్లో చదవడం రాయడం నేర్చుకున్నాను. వాదన ఇంకా పూర్తి కాలేదు, అక్షరాలు మాత్రం మిగిలాయి.) గణితంలో ఫస్ట్ క్లాసు తెచ్చుకుని, పెట్టె సర్దుకుని ఇల్లు చేరాను. నైన ఆ మార్కుల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "సరి పాపా, భద్రంగా పెట్టుకో" అన్నాడు. (మా వైపు నాన్నను నైన అనే పిలుస్తాం.) మూడేళ్ళ చదువుకు నాకు దొరికిన మెప్పు అంతే.

అదే సంవత్సరం అన్నకు పెళ్ళయింది. వదినది ఎట్టయాపురం అవతల ఇంకో ఊరు, వాళ్ళదీ వ్యవసాయమే. చదువు ఎనిమిదితో ఆపేసింది. మనిషి పొడుగు, మాట తక్కువ, అడుగు తీసి అడుగు వేస్తే నేల తనదే అన్నట్టు ఉండేది. పెళ్ళయిన నెలలోపే నైన ఒక చిన్న ట్రాక్టరు కొన్నాడు. బావి కింది తోటలో మిరపసాళ్ళ మధ్య దూరేంత చిన్నది, వెనకాల మట్టిని గుల్ల చేసే రోటవేటరు. పెద్ద ట్రాక్టర్ల పక్కన నిలబెడితే తల్లి పక్కన పిల్లలా ఉండేది కాబట్టి నైన దానికి 'దూడ' అని పేరు పెట్టాడు. దూడ లారీ మీద నుంచి దిగిన రోజున అన్న దాన్ని స్టార్ట్ చేసి నాలుగుసార్లు ఆపేశాడు. వదిన తలుపు దగ్గర నుంచి మెల్లగా, "క్లచ్ నిదానంగా వదలాల" అంది. నైన తిరిగి చూశాడు. "నీకు వస్తాదా అమ్మా?" వదిన కొంగు బిగించి ఎక్కింది, పెరట్లో ఒక చుట్టు తిప్పింది, ఎక్కడ తీసిందో అక్కడే పెట్టి దిగింది. నైన మొహం చూడాలి. ఫస్ట్ క్లాసు కాగితం చూసిన మొహం కాదది. ఆ సాయంత్రమే తాళంచెవి (మా ఇంట్లో సావి అంటాం) వదిన చేతికి వెళ్ళింది.

ఇక నా పని ఏమిటంటే ఆమెకు వచ్చే మెప్పులను లెక్కపెట్టుకోవడం. మొదటి వారం పక్క పొలం పెద్దాయన గట్టు మీద నిలబడి, మీ కోడలు తీసిన సాళ్ళు జడ అల్లినట్టు ఉన్నాయన్నాడు. రెండో వారం కోవిల్‌పట్టి బస్సు ఆమె దున్నుతున్న చోట వేగం తగ్గించింది. కిటికీల నిండా తలలు. కండక్టరు చెయ్యెత్తి ఊపాడు. నేను మూడేళ్ళు సెలవులకు అదే బస్సులో తిరిగాను, ఆ కండక్టరు నాతో మాట్లాడిన మాట ఒక్కటే, "చిల్లర ఇవ్వు." మూడో వారం మా అవ్వ (నైన తల్లి, ఎవరినీ మెచ్చుకోకుండా ఎనభై ఏళ్ళు నెట్టుకొచ్చిన మనిషి) "ఈ పిల్ల వచ్చినాక మన్నుకు ఒగ మొగం వచ్చిండాది" అంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నేనేమన్నా తక్కువా? అన్నను బతిమాలి పెరట్లో రెండుసార్లు దూడను ముందుకీ వెనక్కీ నడిపాను. పొలంలో నడుపుతానని నైనను అడిగితే, "నువ్వు సదివిన బిడ్డవి పాపా, నీకేంటికి ఈ మన్ను" అన్నాడు. ఆయన ముద్దుకే అన్నాడు. నేను మాత్రం అవమానం కింద తీసుకున్నాను. (అప్పట్లో నేను ప్రతిదీ అవమానం కిందే తీసుకునేదాన్ని. మా ఆయన ఇప్పటికీ అలాగే తీసుకుంటానని అంటాడు, అది వేరే వాదన.)

ఐప్పసి వానలు, అంటే దీపావళి నెలలో వచ్చేవి, పడ్డాయి. బావి కింది తోట తప్పితే మా భూములకు నీళ్ళంటే ఆ వానలే. వాన వెలిసి, నేల సరిగ్గా ఆరి, మళ్ళీ మబ్బు కమ్మేలోగా దున్ని మినుములు చల్లేయాలి. ఆ సందు దాటిందా, ఆ ఏడు ఆ పొలం బీడే. నేల ఆరిందో లేదో చూడడానికి మావాళ్ళకు ఒక పద్ధతి ఉంది. చెప్పులు విడిచి పొలం మధ్యకు నడిచి, నాలుగు చోట్ల అరచెయ్యి లోతు మట్టి తీసి, ఉండ చేసి మోకాలెత్తు నుంచి వదులుతారు. ఉండ పగిలితే బండి దింపవచ్చు. పగలకుండా చప్పిడిగా అతుక్కుంటే ఇంకా ఆగాలి. ఆ రోజు తెల్లవారి నైన ఉండ వేసి చూసి, "ఇంగా రెండు పూటలు ఆగాల. రేపు మధ్యాన్నం దున్ని, సాయంత్రమే చల్లేస్తాం" అని, మినుముల విత్తనం కోసం అన్నను వెంటబెట్టుకుని విరుదునగర్ వెళ్ళాడు. పోతూ పోతూ వదినతో, "బండికి గ్రీసు పెట్టి ఉంచమ్మా" అన్నాడు. నాతో, "పాపా, అవ్వకు మాత్ర ఇయ్యి" అన్నాడు.

మాత్ర ఇచ్చాను. అవ్వ నిద్రపోయింది. వదిన కూడా నడుము వాల్చింది, తాళంచెవి కిటికీలో ఉంది. అప్పుడు నా బుర్రకు ఒక దివ్యమైన ఆలోచన తట్టింది. వీళ్ళు విత్తనంతో తిరిగి వచ్చేలోపు పొలం దున్నేసి ఉంచితే? రేపటి దాకా ఎందుకు, ఈ సాయంత్రమే చల్లవచ్చు. నైన గట్టు మీద నిలబడి నోరు తెరుస్తాడు. తాళంచెవి ఇక నా కొంగుకు వస్తుంది. (నేను కట్టుకున్నది చుడీదారు, కొంగే లేదు. ఊహలకు అవన్నీ పట్టవు.) అయినా నేను గుడ్డిగా దిగలేదని మీరు గమనించాలి. నేల పరీక్ష చేశాను. రోడ్డు పక్క గట్టు దగ్గర ఆగి, చెప్పులకు మట్టి అంటకుండా వంగి, పిడికెడు తీసి ఉండ చేసి వదిలాను. పటాలున పగిలింది. నైనది పాత పద్ధతి, పొద్దుటి మాట, మధ్యాహ్నానికి ఎండ కాసింది కదా అని ఒక గణిత పట్టభద్రురాలిగా నిర్ణయించాను. నేను తీసింది రోడ్డు వేసినప్పుడు జారిపడ్డ ఎర్ర గులకమట్టి అనీ, అది కుండపోత వానలో కూడా పగిలే ఉంటుందనీ మా అవ్వ మేకకు కూడా తెలుసు.

మొదటి పది గజాలు దూడ రాణిలా నడిచింది. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని బస్సు వస్తోందా అని రోడ్డు వైపు చూశాను కూడా. ఆ తర్వాత చక్రాలు కొంచెం బరువెక్కినట్టనిపించింది. రేగడికి ఒక గుణం ఉంది. అది జారదు, వదలదు, ప్రేమగా చుట్టుకుంటుంది. టైరు గాడుల్లో మట్టి నిండి, దాని మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి, కాసేపట్లో చక్రాలు కావవి, నున్నటి పిండిముద్దలు. ముద్ద తిరుగుతుంది కానీ పట్టుకోదు. నేనేం చేశాను? తొక్కాను. బండి ఆగితే తొక్కాలని కదా ఎవరికైనా తోచేది. ఎంత తొక్కితే అంత లోతుకు తవ్వుకుంది. వెనక రోటవేటరును పైకి లేపాలన్న జ్ఞానం నాకు లేదు, అది లంగరు వేసినట్టు దిగి కూర్చుంది. ఇంకా తొక్కాను. ఇరుసు దాకా వెళ్ళింది. ఇంజను ఆపి కిందికి దిగాను, ఎడమ కాలు మోకాలి దాకా దిగబడింది, లాగితే కాలొచ్చింది, చెప్పు రాలేదు. ఆ చెప్పు ఇప్పటికీ ఆ పొలంలోనే ఎక్కడో ఉంది.

పొలం చివర పత్తికట్టెల వామి ఉంది, ఏడాది పొడవునా పొయ్యిలోకి. రెండు కట్టలు మోసుకొచ్చి చక్రాల కింద తోసి మళ్ళీ ఎక్కి తొక్కాను. చక్రం వాటిని చెరకు మిషన్లా నమిలి మింగేసింది. తెల్లచుడీదారు నల్లగా మారింది. దక్షిణాన మబ్బు లేస్తోంది. అప్పుడు మొదటిసారి భయం వేసింది. దూడ ఇక్కడే ఉండగా వాన పడితే అది సంక్రాంతి పండుగ దాకా బయటికి రాదు. రేపు విత్తడం ఉండదు. ఈ ఏడు మినుములు లేవు. ఊరంతా "సదివిన పిల్ల" అని నవ్వుతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, వదిన గట్టు మీదికి వచ్చి చూడడం ఒక ఎత్తు. అనుకుంటూ ఉండగానే వచ్చింది.

 చీర మోకాళ్ళ పైకి దోపి, చెప్పులు విడిచి, పార భుజాన వేసుకుని నడిచి వచ్చింది. దూడ చుట్టూ ఒకసారి తిరిగింది. "ఎంతసేపు తొక్కితివి?" అంది. "తొక్కలేదు" అన్నాను. ఆమె ఇరుసు వైపు చూసింది. "కొంచెం తొక్కితిని" అన్నాను. "ఉండ ఏసి చూడలేదా?" "చూస్తిని. పగిలె." "యాడ?" నేను రోడ్డు గట్టు వైపు వేలు చూపించాను. అటు చూసి, నా వైపు చూసి, పెదవి లోపలికి మడుచుకుంది. అలా మడుచుకోవడం కన్నా గట్టిగా నవ్వి ఉంటే బాగుండేది. "నాకు తెలుసులే, నువ్వేమీ చెప్పనక్కర్లేదు" అన్నాను. "నేనేం చెప్తిని పాపా? ముందర ఆ వెనకదాన్ని పైకెత్తు."

రోటవేటరు లేపితే దానికి ఒక మనిషి బరువు మట్టి వేలాడుతోంది. ఇంజను ఆపించి, కర్రతో ఆ మట్టంతా గీకించింది. నేను ముందు వైపు తవ్వబోతే చెయ్యి పట్టుకుంది. "ముందరికి పోతే ఇంగా పచ్చి మన్నే. వచ్చిన దారి చక్రం తొక్కి గట్టిపడిండాది. వెనక్కే పోవాల." ఎందుకో గానీ నాకు ఆ మాట సరైనదని తెలిసి కూడా వాదించాలనిపించింది. "ముందు గట్టు దగ్గర కదా?" అన్నాను. "దగ్గరే. నడిచిపోయేదానికి" అంది.  ఆమె చక్రాల వెనక మట్టిని ఏటవాలుగా తవ్వుతోంది, నేను ఆ ముద్దలను చేతులతో ఎత్తి అవతల పారేస్తున్నాను. ఆమె పార ఎత్తి దించే లయ కూడా బాగుందని ఆ స్థితిలోనూ గమనించి మండిపడ్డాను. పత్తికట్టెలను నాలా నిలువుగా కాక అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి చాపలా పరిచింది, వాటి మీద వామికి కప్పిన పాత మిరపకాయల గోనెలు. ఘాటుకు ఇద్దరం తుమ్ములు.

"నువ్వెక్కు" అంది. నేను ఆమె వైపు చూశాను. "నీ బరువు తక్కువ. గోనె జరిగితే సర్దేదానికి కింద ఒగరు కావాల, నీకు అది తెలీదు. నీ కుడి మడమ దగ్గర చిన్న పెడలు ఉండాది సూడు, అది తొక్కిపట్టుకుంటే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. ఇంజను అరిచేదాకా ఎక్కించొద్దు. క్లచ్ మజ్జిగ ఒంచినట్ల వదులు." ఆ పెడలును నేను అంతకుముందు కాలు పెట్టుకునే పీట అనుకున్నాను. (ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకే.) ఆమె పక్కకు జరిగి నిలబడింది. వదిలాను. చక్రం అరంగుళం వెనక్కి కదిలి, గోనెను కరిచి, బురదనంతా సరిగ్గా ఆమె మొహాన కొట్టింది. ఆపాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అట్లే పోవాల. ఇంగొగ సారి" అంది. గోనెలు తీసి మళ్ళీ పరిచింది. మూడోసారికి దూడ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, కట్టెల మీదికి ఎక్కి, పటపట విరుచుకుంటూ వచ్చిన దారినే వెనక్కి పాకి, ఎర్ర గులకమట్టి మీద నిలబడింది.  వదిన నడుము దాకా నల్లటి విగ్రహంలా గుంత పక్కన నిలబడి పార మీదికి వాలింది.

అదే క్షణాన, పొద్దున అరువు తీసుకుపోయిన మోపెడ్ చప్పుడు. ముందు నైన, వెనక మినుముల మూట వాటేసుకుని అన్న. నైన దిగి చూశాడు. ఆయనకు కనిపించింది ఇది: గట్టి నేల మీద దూడ, దాని మీద స్టీరింగ్ పట్టుకుని కూతురు, అవతల గుంతలో బురద మనిషిగా కోడలు. ఆయన మొహంలో కథ మొత్తం తయారైపోవడం నాకు కనబడింది. "ఏమ్మా," అన్నాడు వదినతో, కోపంగా కాదు, బాధగా, "రెండు పూటలు ఆగమంటిని కదా?" వదిన నోరు తెరిచింది. నా వైపు చూసింది. నేను స్టీరింగ్ వైపు చూశాను. స్టీరింగ్ మీద ఏమీ రాసి లేదు. వదిన నోరు మూసింది. "పాప లాగిందా దీన్ని బయటికి?" అన్నాడు నైన. "పాపే నడిపె" అంది వదిన. అది అబద్ధం కాదు. నైన వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. ఆ చేతి కింద ఇరవై రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన బరువు ఉంది. అక్కడ ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. మాటకు మాట అప్పజెప్పడంలో నాతో ఎవరూ గెలవలేరని హాస్టలంతా ఒప్పుకున్న నేను, ఆ ఒక్క వాక్యం చెప్పలేదు.

మబ్బు అవతలి ఊరికి వెళ్ళిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఉండ పగిలింది, దున్నాం, చల్లాం. దున్నింది నేను. తెల్లవారే కాఫీ గ్లాసు పక్కన తాళంచెవి పెట్టి నైన వెళ్ళిపోయాడు. వదిన ఆ పక్కనే పొయ్యి దగ్గర కూర్చుని తలెత్తలేదు. నేను గెలిచాను. నా పెళ్ళయ్యేదాకా రెండు పంటలు దూడను నేనే నడిపాను. చీకటితో లేచేదాన్ని, ముక్కులో దుమ్ము, నడుములో సూదులు, తలకు తువ్వాలు. కండక్టరు నాకూ చెయ్యి ఊపాడు. కానీ వదిన ఎదురుపడినప్పుడల్లా మాట తడబడేది, ఆమె మాత్రం ఏమీ జరగనట్టే ఉండేది, ఆ ఉండడం చూసి మళ్ళీ మంట. తప్పు చేసింది నేను, హుందాతనమేమో ఆమెకు. ఇదెక్కడి న్యాయం?

నైన పోయి చాలా ఏళ్ళయింది, ఆయనకు చెప్పే అవకాశం దాటిపోయింది. పోయిన నెల వదిన కళ్ళ డాక్టరుకు చూపించుకోవడానికి విరుదునగర్ వచ్చి మా ఇంట్లో దిగింది. సాయంత్రం నూనె పరోటా తెప్పించాను. ఇద్దరమే ఉన్నాం. ఇన్నేళ్ళకు గుండె దిటవు చేసుకుని చెప్పేశాను. ఆ రోజు నేను నోరు మూసుకోవడం తప్పని, నీ తాళంచెవి నేను దొంగిలించినట్టే అయిందని, క్షమించమని.  వదిన పరోటా ముక్క సాల్నా పులుసులో ముంచుతూ ఆగింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. "దొంగిలిస్తివా? పాపా, నేను మా ఇంట్ల పద్నాలుగో ఏట నించి ట్రాక్టరు తోలినా. మాకు అన్నదమ్ములు లేరు కదా. పెండ్లి అయితే ఆ పని తప్పుతాదనే మీ అన్నకు సరే అంటిని. వచ్చిన నెలకే మామ బండి కొని నా చేతిలో సావి పెట్టె. ఆ పొద్దు నాకు ఏడుపు వచ్చె. ఎవురి తలకు కడదామా అని సూస్తా ఉంటే, నువ్వు ఆ సావి వైపు పిల్లి పాలు సూసినట్ల సూస్తా ఉంటివి."

"అందుకే నోరు మూసుకున్నావా?" అన్నాను. "మరి తెరిస్తే మామ సావి మళ్ళీ నాకే ఇచ్చుండును." "అంటే రెండు పంటలు నేను నడుము విరగ్గొట్టుకుంటే నువ్వు పొయ్యి దగ్గర కాఫీ తాగుతూ కూర్చున్నావా?" "చల్లారనియ్యకుండా తాగితిని" అంది వదిన. నాకు కోపం తన్నుకొచ్చింది. అర్ధగంట వాదించాను. ఆమె సగం వాదన దగ్గరే నా ప్లేటులోంచి చివరి ముక్క తీసుకుని తినేసింది. నైనకు అసలు సంగతి తెలుసా అని అడిగితే, "మామకు ఏం తెలుసో నాకేం తెలుసు. నేను చెప్పలే, నువ్వు చెప్పలే" అంది.

ఇన్నాళ్ళూ ఆమె మీద పడ్డ అసూయంతా దండగైందని తెలిసి కూడా అది ఎక్కడికీ పోలేదు, కాస్త పక్కకు జరిగిందంతే. ఇప్పుడది అప్పటి ఇరవై రెండేళ్ళ ఒక పిల్ల మీదికి మళ్ళింది. తెల్లవారకముందే లేచి, తలకు తువ్వాలు బిగించి, ఎవరికీ అక్కరలేని చాకిరీని కిరీటంలా మోస్తూ, దూరాన కోవిల్‌పట్టి బస్సు హారను వినపడగానే నడుము నొప్పి మరిచి నిటారుగా కూర్చునే పిల్ల. లోకమంతా తననే చూస్తోందని దానికి ఎంత నమ్మకం! నాకు ఇప్పుడు అలా కూర్చోవడం చేతకాదు. నా నడుము చూసి డాక్టరు కూడా వద్దన్నాడు.